పొట్లంగాడు

ఆ రోజు పొద్దుటినుంచి నాంచారి ఓ గదిలో కూచుని గంపెడు మగసాలీళ్లకు ‘కాదు’ అని చెప్పింది. సాయంత్రం ఇంటికి వచ్చి మొగుడి చేతిలోంచి మజ్జిగ గ్లాసు అందుకోబోతే వేళ్లకు వేళ్లు తగిలాయి. ఆయనకీ ‘కాదు’ అనే వచ్చింది.

అందులో కోపం లేదు, ఏవగింపు లేదు. గోడకు చెయ్యి ఆనించినట్టుంది. గోడ మీద మనిషికి పగేముంటుంది? ఆమె నిలబడే మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, “ఉప్పెక్కువైంది బావా” అంది.

“చెయ్యి ఒణికిందిలేవే. చిటికెడు వెయ్యబోతే గుప్పెడు పడింది” అన్నాడు శివన్నారాయణ నవ్వుతూ.

ఆ మాట నాంచారి చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. ఆమె తన కుడి అరచేతినే చూసుకుంటోంది. చేతి తొడుగు ఎప్పుడో తీసేసింది. అది లాబ్‌లో, గాజుమూత కింద, దాని చోట అది ఉంది. మరి ఈ ‘కాదు’ ఎక్కడినుంచి వచ్చినట్టు?

*

నాంచారి పనిచేసే పరిశోధన కేంద్రం పల్నాటి మిరప చేల నడుమ ఓ పాత కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఎండుమిర్చి బస్తాలు తీసేసి ఏళ్లు గడిచినా గోడల్లోంచి ఘాటు పోలేదు. కొత్తవాళ్లెవరు వచ్చినా ముందు తుమ్మి, ఆ తర్వాత నమస్కారం పెడతారు. అయితే ఆ గోడలు మూరన్నర మందం. రోడ్డున పోయే లారీల అదురు లోపలికి చొరబడదు. సాలీళ్లతో పెట్టుకున్నవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు. సాలీడుకు లోకమంతా అదురే. కళ్లతో చూసేదానికంటే కాళ్లతో వినేది ఎక్కువ.

ఆ చుట్టుపక్కల మిరపను నల్ల తామరపురుగు తినేస్తోంది. చీమ తలకాయంత పురుగు, పూవులో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, ఆకులు దొన్నెల్లా ముడుచుకుంటాయి. మందులు కొట్టీ కొట్టీ రైతులు అలిసిపోయారు గానీ పురుగు అలవలేదు. దాన్ని ఏరుకు తినే సాలీడు ఒకటి చేల గట్ల మీద దొరికింది. అది గూడు అల్లదు, ఆకుల మీద తిరుగుతూ వేటాడుతుంది. కూలీలు దానికి పొట్లంగాడని పేరు పెట్టారు. మగది ఓ ఈగను పట్టి, పచారీకొట్లో కట్టినంత నీటుగా తెల్లదారంతో పొట్లం కట్టి, నోట కరుచుకుని ఆడదాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఎదురుగా నిలబడి ముందుకాళ్లతో ఆకు మీద దరువేస్తుంది. ఆ దరువు ఆడదానికి నచ్చితే పొట్లం అందుకుంటుంది. అది తింటున్నంతసేపే మగదాని కాపురం. నచ్చకపోతే పొట్లంతోపాటు తెచ్చినవాణ్ణి కూడా తినేస్తుంది.

“మా ఆయన్ని నేనూ అట్టా తినేసుంటే పీడా పోయేది” అనేది సాలీళ్లకు మేత వేసే దీనమ్మ. “దరువుకేం తక్కువ లేదు. పొట్లమే, పెళ్లైన కాణ్ణుంచి నేను చూడలా.”

చిక్కేమిటంటే ఆడది ఓ పట్టాన ఒప్పుకోదు. అందుకే పొలంలో ఈ జాతి పలచగా ఉంటుంది. ఏ దరువుకు ఆడది తలూపుతుందో తెలిస్తే అలాంటి మగవాటినే ఏరి పిల్లల్ని పెట్టించవచ్చు. వాటి కొడుకులు అడిగిందే తడవు ఔననిపించుకుంటాయి, చేలనిండా సాలీళ్లే. ఇదీ కేంద్రం పెద్ద ఉమామహేశ్వరం గారి ఆలోచన. యంత్రాలు దరువును గీతలుగా గీసి చూపించాయి. ఏ గీత ఆడదానికి పట్టిందో మాత్రం చెప్పలేకపోయాయి.

అప్పుడు పుట్టింది నాంచారి తొడుగు. ఆడసాలీడు కాళ్ల మీద కంటికి ఆనని చీలికలుంటాయి. ఆకు అదిరితే అవి నొక్కుకుంటాయి. ఇష్టం పుట్టినా, ఆకలి పుట్టినా ఆ నొక్కులోంచే. అలాంటి చీలికలున్న పొరను ఆమె గాజుపళ్లెంలో పెంచింది. లాబ్‌లో జరిగిన పెళ్లిచూపులన్నిట్లోనూ ఆడవి ఏ దరువుకు ఏం జవాబిచ్చాయో ఆ పొరకు నేర్పింది. ఇక ఆ జవాబును మనిషి అరచేతికి అందించాలి. అందుకు వెంట్రుకలో సగం మందం ఉన్న రాగితీగతో చుట్టలు కావాలి. గుంటూరులో అడిగారు, హైదరాబాదులో అడిగారు. ఇంత సన్నం మా వల్ల కాదన్నారు.

చుట్టింది శివన్నారాయణ.

ఆయనది బోరుమోటార్లకు వైండింగ్ చేసే కొట్టు. నాంచారికి మేనబావ. పదో తరగతి తప్పి తీగలు చుట్టడం నేర్చుకున్నాడు, ఆమె యూనివర్సిటీలో పురుగుల మీద పుస్తకమంత థీసిస్ రాస్తున్నప్పుడు వచ్చి, “నన్ను చేసుకుంటావా, లేకపోతే ఆ పురుగునే చేసుకుంటావా?” అని అడిగాడు. పిల్లలు లేరు. దెప్పిపొడుపులకు లోటు లేదు. తొడుగు సంగతి చెబితే, “పది హెచ్‌పీ మోటారు చుట్టినోణ్ణి, ఈ దోమకాలు చుట్టలేనా?” అని కంటికి గడియారాలవాడి భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, అంత సన్నటి తీగనూ ఎక్కడా తెగకుండా చుట్టిచ్చాడు. అప్పట్లో ఆ చెయ్యి ఒణికేది కాదు.

తొడుగు వేసుకుని మొదటిసారి ఓ మంచి దరువు మీద అరచెయ్యి ఆనించినప్పుడు నాంచారికి మోచేతిదాకా వెచ్చగా ఏదో పాకింది. దాహంలాగా ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అదీ ‘ఔను’. ‘కాదు’కు ఏమీ ఉండదు. పాకదు, జరగదు. ఉత్త చలువ.

ఇంకొక సంగతి ఉంది. తొడుగు పొరకు నేర్పకముందు, మొదట్లో, ఆడవి దరువులు వినకముందే మగవాటిని నమిలేసేవి. ఒక్కో మగదాన్ని పిల్లనాటినుంచి పెంచేసరికి తలప్రాణం తోకకొచ్చేది. అందుకని నాంచారి, “ముందు ఆడవాటికి కడుపునిండా మేత పెట్టు దీనమ్మా, ఆ తర్వాతే మగవాటిని వదులుదాం” అంది.

“అది చెప్పాలా అమ్మగారూ? ఆకలి మీదున్న పిల్లని పెళ్లిచూపులకి కూకోబెడతారా ఎవరైనా? ముందు ఇంత పెట్టి, ఆనక పీటేస్తాం” అంది దీనమ్మ.

ఇద్దరూ అలాంటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. ఇద్దరికీ అది వింతగా అనిపించలేదు. ఆడవి బొద్దుగా, బుద్ధిగా కూచుని దరువులు విన్నాయి. పొట్లాన్ని అందుకుని పక్కన పెట్టేవి గానీ కొరికి చూసేవి కావు. మగవి చావడం తగ్గింది. అందరూ సంతోషించారు. మేత సంగతి ఏ రిపోర్టులోనూ ఎక్కలేదు. పీట వాల్చేముందు నేల తుడిచామని ఎవరైనా రాసుకుంటారా?

*

మజ్జిగ గ్లాసు తర్వాత నాంచారి చేతిని కనిపెట్టి చూడసాగింది.

కాఫీ గ్లాసు వేడి తెలియలేదు. పంపు కింద నీళ్లు తెలియలేదు. ఓ పొద్దున పెనం అంచు పట్టుకుని అట్టు తిరగేస్తుంటే చర్మం కాలిన వాసన వచ్చింది. ఎక్కడిదా అని చుట్టూ చూసి, ఆఖరున తన చెయ్యి చూసుకుంది. శివన్నారాయణ పరుగెత్తుకొచ్చి ఆ చేతిని నీళ్లలో ముంచి, వెన్న రాసి, పిచ్చివాడిలా ఊదాడు. ఆయన పెదవులు కదలడం ఆమెకు కనపడుతోంది. ఊదిన గాలి తెలియడంలేదు.

ఉమామహేశ్వరం గారు సూది పెట్టి చూశాడు, ఐసు పెట్టి చూశాడు. చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “నరం ఆడసాలీడు భాష నేర్చేసుకుంది నాంచారీ. మనది మరిచిపోతోంది” అన్నాడు.

“మళ్లీ నేర్చుకుంటుందా?”

“ఏమో. నీకంటే ముందు తొడుక్కున్నవాళ్లెవరూ లేరు, అడగడానికి.” కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “మానెయ్యి. ఇంకో చేతికి అలవాటు చేద్దాం” అన్నాడు.

ఇంకో చెయ్యి అలవాటయ్యేసరికి మిరప నాట్లు దాటిపోతాయి. లింగారెడ్డి అనే రైతు తన చేను పరీక్షకు ఇస్తానన్నాడు, మీ మాట మీద మందు కూడా కొట్టనన్నాడు. “ఈ పంటకు కానివ్వండి సార్” అంది నాంచారి. అలా అన్నది ఆమే. ఎవరూ మెడలు వంచలేదు.

ఆ నెలల్లోనే శివన్నారాయణ ఒణుకు పెరిగింది. గుంటూరులో డాక్టరు ఆయన చేత కాగితం మీద గుండ్రాలు గీయించి, నాలుగడుగులు నడిపించి, ఇది ముదిరే జబ్బేననీ, మందులతో నెమ్మదిస్తుంది గానీ పోదనీ చెప్పాడు. నాంచారి పక్క కుర్చీలో కూచుని అంతా విన్నది. ఏడవాలని తెలుసు. ఏడుపు వచ్చే చోటికి పోయి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

తిరుగు బస్సులో ఆయన ముందుసీటు కమ్మీ పట్టుకున్నాడు. ఆ చెయ్యి కమ్మీ మీద టకటకమంటోంది. ఆగుతుంది, తడబడుతుంది, మళ్లీ అందుకుంటుంది. నాంచారి చూస్తూ చూస్తూ తనకు తెలియకుండానే తూకం వేసింది. లయ తప్పిన దరువు. దీనికి ఏ ఆడదీ తలెత్తి చూడదు.

అలా తూకం వేసినందుకు కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు.

పెళ్లైనప్పటినుంచీ శనివారం కొట్టు మూసి వస్తూ ఆయన సూరయ్య దుకాణంలో బెల్లం జీళ్లు కట్టించుకుని వచ్చేవాడు. వార్తాపత్రిక ముక్క, పైన తెల్లదారం, రెండు ముళ్లు. “ఈ వయసులో జీళ్లేంటి బావా, పళ్లూడిపోతాయి” అని తిడుతూనే ఆమె గుమ్మంలోనే దారం తెంపేది. ఈమధ్య పొట్లం అందుకుని వంటింటి గూట్లో పెడుతోంది. ఆకలి లేదు. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. ఆయన చూస్తున్నాడు, అయినా తేవడం మానడంలేదు.

ఓ సాయంత్రం వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఈనె ఊడిరాక ఒకే కాయతో చాలాసేపు కుస్తీపట్టి, తలెత్తకుండా అన్నాడు.

“అక్క తెనాలి రమ్మంటంది నాంచారీ. ఆడ ఆస్పత్రి దగ్గరంట. కొట్టు ఎట్టాగూ మూసేశా. తీగ పట్టుకుంటే అది ఒక పక్క, నేనొక పక్క. పోనా?”

“నీ ఇష్టం బావా.”

“నా ఇష్టం నాకు తెలుసులే. నువ్వు ఉండమంటే ఉంటా. ఒక్క మాట.”

నాంచారి ఆ మాట కోసం వెతికింది. నోటితో అనడం ఎంతసేపు? కానీ లోపల ఏదో ఒకటి కదిలితే కదా దానికి మాట తొడిగేది. ఆమె పని మొత్తం చెయ్యి చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడమే. చెయ్యి ఏమీ చెప్పడంలేదు. లేనిది ఉందని ఈ మనిషికి ఎలా చెప్పడం? తీగ తెగితే తెగిందని చెప్పేవాడు ఆయన. ఎప్పుడూ అతికించి ఇచ్చి, కొత్తదని చెప్పలేదు.

ఆయన ఒలిచిన కాయల్ని చాటలో కుప్ప చేశాడు.

“సరేలే. మీ చేను పరీచ్చ తేలిందాకా ఉండి పోతా. అప్పటిదాకా నీకు కూడెవరు వండుతారు?”

*

నాంచారి చెయ్యి ‘ఔను’ అన్న మగవాటి సంతానాన్ని లింగారెడ్డి చేలో వదిలారు. మొదటి వారాల్లో ఏ ఆకు మీద అదురు కొలిచే యంత్రం ముక్క పెట్టినా దరువే. ఉమామహేశ్వరం గారు చేను గట్టున నిలబడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెళ్లివారి మేళం వింటున్నట్టు తలాడించాడు. తర్వాత దరువు పలచబడింది. ఆ తర్వాత లింగారెడ్డి దగ్గరినుంచి ఫోను వచ్చింది.

“ఆకు ముడుచుకుంటందమ్మా. మీరొచ్చి చూడండి.”

ఆ రోజు పొద్దున్నే బయల్దేరింది నాంచారి. శివన్నారాయణ ఉప్మా పళ్లెం పట్టుకుని గేటుదాకా వచ్చాడు. “తినిపోవే.”

“వచ్చి తింటాలే బావా.”

“రేప్పొద్దున మేనల్లుడు కారేసుకొస్తాడు నా కోసం. గుర్తుందా?”

“ఉంది” అంది.

చేలో ఆమె మోకాళ్ల మీద కూచుని ఆకులు తిరగేసింది. పూవు పూవులోనూ నల్ల తామరపురుగు. ఆకుల అడుగున సాలీళ్ల కాళ్లు, ఉత్త కాళ్లు, తినగా మిగిలినవి. వాటి పక్కనే తెల్లటి పొట్లాలు. అన్నీ ఓ పక్క చిరిగి ఉన్నాయి. ఒకదాన్ని సూదితో విప్పింది. లోపల ఈగ పెంకు, ఎండి డొల్లయినది. ఇంకొకటి విప్పింది. పువ్వు రెక్క ముక్క. మూడోదాంట్లో ఏమీ లేదు, దారం మీద దారం. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆమె విప్పుతూనే ఉంది.

లింగారెడ్డి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “ఏందమ్మా డాక్టరమ్మా? మీరు ఏరికోరి తెచ్చిన అల్లుళ్లు ఉత్త పొట్లాలు పట్టుకొచ్చినట్టుందే?”

“అవును లింగారెడ్డి గారూ.”

“మరి చూసుకోలేదా ముందు?”

చూసుకోలేదు. లాబ్‌లో ఎవరూ పొట్లం విప్పలేదు. కడుపు నిండిన ఆడదానికి పొట్లంతో పనేముంది? దరువొక్కటే వింటుంది. వేటకు పోకుండా, బరువు మోయకుండా, డొల్ల చుట్టుకొచ్చి కులాసాగా వాయించినవాళ్లందరికీ తొడుగు ఔనంది. ఇక్కడ చేలో ఆడవి ఆకలితో ఉన్నాయి. దరువు విని దగ్గరికొచ్చి, పొట్లం కొరికి చూసి, ఏమీ లేదని తెలియగానే తెచ్చినవాణ్ణి తినేశాయి.

ఆమె లేచి గట్టు మీదికి వచ్చింది. అక్కడ ఓ కంది మొక్క మీద పొట్లంగాడు ఒకడు కనపడ్డాడు. లాబ్‌వాడు కాదు, బయటివాడు. ఓ ముందుకాలు సగమే ఉంది. తనకన్నా పెద్ద పొట్లం మోస్తున్నాడు. ఆ బరువుకు ఒళ్లంతా ఊగుతోంది. దరువేస్తే కాలు తడబడుతోంది, ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. నిండు పొట్లం మోసేవాడి దరువు ఒణుకుతుంది.

నాంచారి ఊపిరి బిగబట్టింది. అలవాటుగా అరచెయ్యి ఆకు కింద పెట్టింది. గోడ. ఉత్త చలువ. ఆమె చెయ్యి వాణ్ణి కాదంది.

ఆడది మెల్లగా ఇటు తిరిగింది. వచ్చి పొట్లం కొరికింది. కొరికి, ఇక వదల్లేదు.

ఎక్కడో పేగు గుర్రుమంది. తనదేనని గ్రహించడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

అక్కడినుంచే ఫోన్ చేసింది. “ఆడవాటికి మేత పెట్టి అడిగామండీ” అంది ఉమామహేశ్వరం గారితో. “ఆకలి తెలియనిదాని తీర్పు నేర్పాం తొడుక్కి. పొట్లం నిండుగా ఉన్నవాళ్లందర్నీ నేనే తీసి పారేశాను.”

అటునుంచి ఆయన అడిగాడు. “మేత ఎవరు పెట్టమన్నారు?”

“నేనే.”

“రేపు మాట్లాడదాం” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

లింగారెడ్డి అన్నీ విన్నాడు. “ఈ ఏడు పోయినట్టేనా అయితే?”

“పోయినట్టేనండీ.”

“మందన్నా కొట్టుకునేవాణ్ణి. మీరు వద్దంటేనే మానేశా.” ఆయన తలగుడ్డ దులిపి మళ్లీ కట్టుకున్నాడు. తిట్టలేదు. ఆమె మొహం కూడా చూడకుండా, ముడుచుకున్న ఆకుల మధ్యనుంచి నడుచుకుంటూ మోటారు వైపు పోయాడు.

*

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వసారాలో శివన్నారాయణ పెట్టె సర్ది ఉంది. పక్కన మందుల సంచీ, గొడుగు. ఆయన లేడు. వంటింట్లో అన్నం మీద మూత ఉంది. గూడు తుడిచి ఉంది, పొట్లాలు ఒక్కటీ లేవు. నాంచారి గూటికేసి చూస్తూ నిలబడింది. అన్నం గిన్నె పక్కనే ఉన్నా చెయ్యి గూట్లోకే పోయింది, అడుగునంతా తడిమింది. చెక్క గరుకు తెలియలేదు.

గేటు చప్పుడైంది. శివన్నారాయణ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

“వచ్చావా? ఏమైంది చేను?”

“పోయింది బావా. నా చేతులారా పోగొట్టాను. గూట్లో పొట్లాలేవి?”

“దీనమ్మ పిల్లలకిచ్చా పొద్దున. నువ్వెట్టాగూ తినటంలా, చీమలు పడుతున్నయ్యి.” ఆయన జేబులోంచి పొట్లం తీశాడు. “ఇయ్యాళ శనివారం కాదులే. రేపు పోతన్నా కదా అని.”

నాంచారి అందుకుంది. కుడిచేత్తో అందుకుంది కాబట్టి బరువు తెలియలేదు. ముడి విప్పబోతే కాగితం అడుగున చిరుగులోంచి తన వేలే బయటికి కనపడింది. పొట్లంలో ఏమీ లేదు.

ఆయన కదలకుండా నిలబడ్డాడు. చెయ్యి ఒక్కటే ఆడుతోంది.

“సూరయ్య నిండుగానే కట్టిచ్చాడే. చేతిలో ఆడీ ఆడీ అడుగు చిరిగిపోయింది. బడి కాడికొచ్చాక గానీ తెలవలా. ఏరదామనుకున్నా. వంగితే మళ్లీ లేస్తానో లేవనో అని...”

“మరి ఈ కాయితం ఎందుకు తెచ్చావు?”

“వట్టి చేతుల్తో ఎట్టా వచ్చేది?”

ఉత్త పొట్లం తెచ్చినవాళ్లకు ఏం జరుగుతుందో ఆమె పొద్దుటినుంచీ చూసి వచ్చింది. అరచేతిలో ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కదల్లేదు. ఇక కదలదేమో కూడా. కడుపు మాత్రం మండుతోంది.

“ఆకలేస్తంది బావా” అంది. “పద. పోయి ఏరుకొద్దాం.”

“పిచ్చిదానా, మట్టిలో పడ్డయ్యే.”

“నడువు.”

బడి గోడ పక్కన నేల మీద జీళ్లు అక్కడొకటి, ఇక్కడొకటి, వచ్చిన దారి పొడుగునా పడి ఉన్నాయి. నాంచారి వంగి ఏరుతోంది. చెరువు వైపునుంచి గేదెల్ని తోలుకొస్తున్న ముసలామె ఆగి చూసింది.

“ఏం పారేసుకున్నావే నాంచారమ్మా? ఉంగరమా?”

“జీళ్లత్తా.”

“ఏందీ?”

“జీళ్లు. బెల్లంవి.”

“సాలెపురుగుల్తో తిరిగీ తిరిగీ నీ బుర్ర కూడా గూడు కట్టింది” అనుకుంటూ ముసలామె గేదెను అదిలించి పోయింది. శివన్నారాయణ గోడకు ఆనుకుని చాలారోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

ఒక జీడి మీద చీమలున్నాయి. నాంచారి ఊది, పమిట చెంగుతో తుడిచి, నోట్లో వేసుకుంది. పళ్లకింద ఇసక కరకరమంది. ఆ తర్వాత తీపి తెలిసింది, నాలుకకు. ఇంకొకటి ఏరుకుని అదీ తిన్నది.

“వదినకు ఫోన్ చేసి చెప్పు, కారు పంపొద్దని” అంది నములుతూ.

ఆయన నవ్వు ఆపాడు. “చేతికి ఏమన్నా తెలుస్తందా?”

“లేదు.”

“రేపు?”

“ఏమో బావా. తెలియకపోవచ్చు.”

“మరి?”

“మరేం లేదు. కింద చూసి నడువు, తొక్కుతావు.”

ఆమె ఎడమచేతి గుప్పిట్లో జీళ్లున్నాయి. అందుకని ఆయన చేతిని కుడిచేత్తోనే పట్టుకుంది. ఆ చెయ్యి లోపల ఒణుకుతూనే ఉండి ఉంటుంది. ఆమె అరచేతికి దాని సంగతి తెలియదు, గట్టిగా పట్టుకుందో వదులుగా పట్టుకుందో అదీ తెలియదు. అందుకే ఇంటికి చేరేదాకా నాలుగడుగులకోసారి తల వంచి, పట్టుకున్న చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉందో లేదో చూసుకుంటూ నడిచింది.